తలకిందులు కాని ఆరు

నా వీడ్కోలు సభలో అందరూ పడీ పడీ నవ్విన కథ ఒకటుంది. నడుంనొప్పి భరించలేక, నాలుగేళ్ల సర్వీసు మిగిలుండగానే పోయిన ఏడాది ఉద్యోగం వదిలేశాను. శాలువా కప్పడం అయ్యాక ఒక సహోద్యోగి మైకు అందుకుని, "ఈయన కుర్రతనంలో పనిచేసిన పోస్టాఫీసులో ఒక ప్యాకరు ఉండేవాడటండీ. తేదీ సీలులో ఆరు అంకెను తలకిందులుగా బిగించేశాడట. దాంతో ఊరంతా మూడు రోజులు ముందుకెళ్లిపోయిందట!" అన్నాడు. హాలు గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? ఆ కథ వాళ్లకు చెప్పింది నేనే. పాతికేళ్లుగా టీకొట్ల దగ్గర, శిక్షణ తరగతుల్లో, కొత్తగా చేరిన పిల్లల ముందు ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు.

ఆ కథ తప్పు. ఆ సంగతి సభ అయిన రెండు వారాలకు నాకు తెలిసింది. ఇన్నేళ్లు ఎందుకు తెలియలేదో మాత్రం ఇప్పటికీ అంతుపట్టదు. తెలిసినంత వరకు రాస్తాను. మీలో చాలామంది ఆ కథను నా నోటే విన్నారు కాబట్టి, దిద్దుబాటు కూడా నా చేత్తోనే జరగాలి.

ఆ ఆఫీసు చీపురుపల్లిలో రైలు దిగి బస్సెక్కితే ముప్పావుగంట దూరం. పేరు అక్కర్లేదు. ఒక పోస్టుమాస్టరు గారు, కౌంటరులో నేను, ఇద్దరు పోస్టుమాన్లు, ఒక ప్యాకరు. ఉత్తరాల మీద సీళ్లు వేయడం, సంచులు కట్టడం, విప్పడం ప్యాకరు పని. నాకప్పుడు ముప్పై ఏళ్లు. ఆయనకు నలభై ఎనిమిది. ఆయనది అప్పట్లో ఈడీ అనేవాళ్లు, అంటే పూర్తి ఉద్యోగం కాదు. రోజుకు కొన్ని గంటల పని, దానికి కొంత భత్యం, చివర్లో పింఛను లేదు. పదిహేడేళ్లు అలా చేశాక ఆ సంవత్సరమే పర్మనెంటు చేసే జాబితాలో ఆయన పేరు పైకొచ్చింది. ఇంకో రెండేళ్లు గడిస్తే వయసు దాటిపోతుంది. "ఈసారి నీ వంతే" అని రోజూ ఎవరో ఒకరం అనేవాళ్లం. ఆయన సంచి మూతి బిగిస్తూ, "సూద్దాం బాబూ. వచ్చినప్పుడు వస్తాది" అనేవాడు.

స్టాంపులంటే నాకు చిరాకుగా ఉండేది. ముఖ్యంగా అప్పుడప్పుడు పైనుంచి పంపే కొత్త బొమ్మల స్టాంపులు. అవి పెద్దవి. ఇన్లాండు పక్కన పెట్టి కవరు కొనేవాడే తక్కువ, ఆ కవరు మీద సగం ఇవే ఆక్రమిస్తే అడ్రసు ఎక్కడ రాయాలని జనం నా మీద పడేవారు. "ఈ పెద్ద బిళ్లలు మాకొద్దు, సిన్నవి ఇయ్యండి" అనేవారు. చిన్నవి అయిపోయేవి. పెద్దవి సొరుగులో అతుక్కుపోయేవి.

వాటిని అడిగి మరీ కొనే మనిషి ఊరంతటికీ ఒకడే ఉన్నాడు. గోగునార వ్యాపారి, అరవై దాటిన షావుకారు. తెల్ల చొక్కా మీద ఎప్పుడూ నార పీచు అంటుకుని ఉండేది. సైకిలు అరుగుకు ఆనించి లోపలికి వచ్చేవాడు.

"బాబూ, కొత్త బిళ్లలొచ్చాయేటి?"

"వచ్చాయి. పెద్దవి. మీ కవరు మీద పట్టవు."

"కవరుకి కాదు. ఆ షీటు మూల నాలుగూ అంచుతో సహా ఇయ్యి. సింపకు. సెయ్యి తడిగా ఉన్నాదేటి? తుడుసుకో ముందు."

కౌంటరులో ఉన్న నన్ను చెయ్యి తుడుచుకోమన్న మొదటి మనిషి ఆయనే. నాకు కోపం వచ్చింది. ఆయన పట్టించుకోకుండా జేబులోంచి భూతద్దం తీసి, ఒక స్టాంపు మీద పెట్టి, నా వైపు జరిపాడు. ఆవిరి ఇంజను బొమ్మ. అప్పటికి నేను దాన్ని వందసార్లు అమ్మి ఉంటాను. "కిటికీలో సూడు" అన్నాడు. చూశాను. ఇంజను కిటికీలో ఒక మనిషి మొహం ఉంది. ఆవగింజంత. టోపీ కూడా ఉంది. ఒక చెయ్యి బయటికి వేలాడుతోంది.

ఎవరి కోసం గీశారు ఆ చెయ్యిని? ఉత్తరం రాసినవాడు చూడడు, అందుకున్నవాడు చూడడు. మధ్యలో సీలు పడి నల్లబడిపోతుంది. ఆ రోజంతా నాకదే ధ్యాస. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు నా జీతం డబ్బుతో ఆ స్టాంపు ఒకటి కొనుక్కున్నాను. అలా పట్టుకుంది నాకు స్టాంపుల పిచ్చి.

నెల తిరిగేసరికి మా ఇంట్లో కంచాలన్నీ నీళ్లలో నానుతున్న కవరు ముక్కలతో నిండిపోయాయి. గోరువెచ్చని నీళ్లలో వేస్తే కాగితం నుంచి స్టాంపు తనంతట తానే విడిపోయి తేలాలి, లాగకూడదు. తర్వాత పాత పేపరు మీద బోర్లా ఆరబెట్టాలి. ఇదంతా షావుకారు నేర్పాడు. మా ఆవిడకు అప్పటికి కాపురానికొచ్చి ఏడాది. "అన్నం తినే కంచంలో పోస్టాఫీసేటండీ! రేపొద్దున్న చారులో రాష్ట్రపతి తేలినా తేలతాడు" అనేది. తిడుతూనే, వాళ్ల పుట్టింటి ఉత్తరాల కవర్లు దాచిపెట్టి ఇచ్చేది.

స్టాంపుల అందం షావుకారు చూపిస్తే, సీలు అందం మా ప్యాకరు చూపించాడు. నిజానికి షావుకారు మా ఆఫీసును వదలకుండా తిరగడానికి కారణం ఆయన చెయ్యే. తేదీ, ఊరి పేరు ఒక్క గీత చెదరకుండా, స్టాంపు మూల మీద నెలవంకలా కూర్చునేది ఆయన వేసిన సీలు. మిగతా ఆఫీసుల సీళ్లు మసిగుడ్డ అంటించినట్టుండేవి. ఒకసారి నేను వేసి పాడుచేసిన కవరు చూసి ఆయన నాలుక చప్పరించాడు.

"అలగ గుద్దితే ఎలగ బాబూ? సీలుని కొట్టకూడదు. దింపాల."

కింద పాత సైకిలు ట్యూబు ముక్క పరిచి, సిరా గుడ్డ మీద సీలును రెండుసార్లు మెత్తగా ఆనించి, దాని బరువు మీదే దాన్ని వదిలాడు. చప్పుడే రాలేదు. తీసి చూస్తే అచ్చువేసినట్టుంది. "బొమ్మ మొహమ్మీద పడకూడదు. మూల మీద పడాల. రాసినోడి ముచ్చట రాసినోడికుంటాది" అన్నాడు. నేను ఎన్నాళ్లు సాధన చేసినా నా సీలు టక్కుమనే చప్పుడు మానలేదు.

సీలు గురించి రెండు మాటలు చెప్పాలి, మీ కాలానికి అవి మారిపోయాయి. కొయ్యపిడికి ఇత్తడి ముఖం. అందులో ఊరి పేరు చెక్కి ఉండేది. మధ్యలో తేదీ, నెల, సంవత్సరం చిన్న చిన్న అంకె ముక్కలు, స్క్రూ బిగిస్తే నిలబడేవి. రోజూ పొద్దున్నే ప్యాకరు నిన్నటి తేదీ ముక్క తీసి, డబ్బాలోంచి ఇవాళ్టిది ఏరి బిగించి, సీళ్ల పుస్తకంలో మొదటి ముద్ర వేసేవాడు. అది సరిగా ఉందని పోస్టుమాస్టరు గారు సంతకం పెట్టాకే ఉత్తరాల జోలికి వెళ్లాలి.

తొంభై తొమ్మిదో సంవత్సరం, తొమ్మిదో నెల వచ్చింది. తొమ్మిదో తేదీన సీలులో అన్నీ తొమ్మిదులే పడతాయి. షావుకారు మూడు నెలల ముందు నుంచీ ఆ రోజు కోసం కలవరించేవాడు. తొమ్మిది కవర్లు సిద్ధం చేశాడు, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ. ఆ సీలు వేసి చేతికిచ్చేస్తే మద్రాసు, కలకత్తా సేకరణదారులతో మార్పిడి చేసుకోవాలని ఆయన ఆశ.

అంతలో మా ఊరి మీదుగా వెళ్లే రైలు అక్కడ ఆగాలని తొమ్మిదో తేదీన బంద్ అన్నారు. బంద్ అంటే పోస్టాఫీసు తలుపులూ మూయిస్తారు. ఆరో తేదీ సోమవారం మధ్యాహ్నం షావుకారు మొహం వేలాడేసుకుని వచ్చాడు. పోస్టుమాస్టరు గారు పనిమీద పైఆఫీసుకు వెళ్లారు. పోస్టుమాన్లు ఉత్తరాలు పంచడానికి బీటుకు వెళ్లారు. ప్యాకరు వెనక అరుగు మీద అంబలి తాగుతున్నాడు.

"బాబూ, ఈ తేదీ మళ్లీ వందేళ్లకి గానీ రాదు. వందేళ్లకి నానుంటానా? నువ్వుంటావా?"

"తేదీ మార్చడం నేరమండీ."

"ఈ కవర్లు టపాలోకి ఎల్లవు. నా సంచిలోకెల్తాయి. ఎవులికి నష్టం?"

"మా ప్యాకరును అడగండి."

"ఆడా? ఆడు ప్రాణం పోయినా తేదీ మార్సడు. అందుకే ఆడు లేనప్పుడొచ్చాను."

ఆయన చాలాసేపు బతిమాలాడని రాస్తే నాకు బాగుంటుంది. కానీ రెండు మాటలకే ఒప్పుకున్నాను. నాకూ ఆ తొమ్మిదులు చూడాలని ఉంది. స్క్రూ విప్పాను, ఆరు తీశాను, తొమ్మిది పెట్టాను. తొమ్మిది కవర్లకూ సీలు వేశాను. తర్వాత షావుకారు చూస్తుండగానే తొమ్మిది తీసి, ఆరు మళ్లీ బిగించాను. స్క్రూ చివరి మర నా బొటనవేలికి గుచ్చుకోవడం కూడా నాకు గుర్తుంది. ఈ పాతికేళ్లూ ఆ గుర్తు మీదే నేను నిశ్చింతగా నిద్రపోయాను.

బంద్ జరగలేదు. వానకు వాయిదా పడింది. తొమ్మిదో తేదీన ఆఫీసు తీశాం, మా ప్యాకరు పొద్దుటి నుంచీ సంచి కట్టే దాకా నిజమైన తొమ్మిదులు నింపాదిగా దింపుతూ కూర్చున్నాడు. షావుకారు నా మొహం చూడకుండా ఒక ఇన్లాండు కొనుక్కుని వెళ్లిపోయాడు.

మూడు వారాలకు ఒక రైతు, ఆయన కూతురు ఆఫీసుకు వచ్చారు. ఆయన కౌంటరు మీద ఒక కవరు పరిచాడు. అమ్మాయి నర్సు శిక్షణకు పెట్టిన దరఖాస్తు. ఏడో తేదీలోగా పోస్టు చేసి ఉండాలి, తొమ్మిదో తేదీ సీలు ఉంది కాబట్టి చెల్లదని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు.

"ఆరో తేదీ మజ్జాన్నం నాను ఈ సేత్తోనే డబ్బాలో ఏసినాను. ఆరో తేదీ ఏస్తే తొమ్మిది ఎలగైనాది? ఏటి బాబూ, ఉత్తరాన్ని మూడ్రోజులు పండబెట్టినారా?"

అమ్మాయి ఏడవలేదు. "మీ సీలే కదండీ, మీరే ఒక కాయితం రాసివ్వండి" అంది. పోస్టుమాస్టరు గారు రాసివ్వలేదు. విచారణ తేలాలన్నారు. తేలేసరికి సీట్లు నిండిపోయాయి. మరుసటేడు ఆ పిల్ల రిజిస్టరులో పంపింది. తండ్రి కౌంటరు ముందు నిలబడి, "ఏ తేదీ కొట్టినారో నాకు సూపించండి" అని చూసుకుని గానీ కదల్లేదు. సీటొచ్చిందని తర్వాత విన్నాను.

విచారణకు ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ఆరో తేదీ సంచిలో వెళ్లిన మిగతా ఉత్తరాల మీదా తొమ్మిదే పడిందని తేలింది. సమాధానం మా పోస్టుమాస్టరు గారే కనిపెట్టారు. కాగితం మీద ఆరు రాసి, దాన్ని గుండ్రంగా తిప్పారు. తొమ్మిదయింది. "చూశారా సార్! మధ్యాహ్నం స్క్రూ వదులై ముక్క కింద పడి ఉంటుంది. వీడు తీసి తలకిందులుగా పెట్టాడు. ఇంగ్లీషు అంకెలు వీడికేం తెలుసు!" ఇన్‌స్పెక్టరు గారు కూడా కాగితం తిప్పి చూసి నవ్వారు. అంత చక్కగా కుదిరిన వివరణ దొరికితే ఎవరు మాత్రం వదులుకుంటారు?

ప్యాకరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "పొద్దున్న పుస్తకంలో ఆరే పడింది గదా బాబూ. ముక్క పడిపోనేదు. నాను తలకిందులు పెట్టనేదు" అన్నాడు. అని, నా వైపు చూశాడు.

ఆ చూపు నాకు గుర్తుంది. అప్పుడు నా బుర్రలో ఏముందో కూడా రాయాలి. షావుకారి కవర్ల సంగతి గుర్తొచ్చింది. గుండె దడదడలాడింది. కానీ వెంటనే, నేను మళ్లీ ఆరు పెట్టేశాను కదా, దానికీ దీనికీ సంబంధం లేదు, చెబితే అనవసరంగా నా ఉద్యోగం పోతుంది అనుకున్నాను. ఆ సాయంత్రమే షావుకారి కొట్టుకు పరిగెత్తాను. ఆయన కూడా, "నువ్వు ఆరు పెట్టేసినావు బాబూ, నా కళ్లతో సూసాను" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. అప్పుడిక నాకూ ఆ తలకిందుల ఆరు మీద నమ్మకం కుదిరింది. కుదరాలని నేను కోరుకున్నానో, నిజంగానే కుదిరిందో విడదీసి చెప్పలేను.

ప్యాకరు మీద రిమార్కు పడింది. జాబితాలో ఆయన తర్వాతివాడు పర్మనెంటయ్యాడు. రెండేళ్లకు ఆయన వయసు దాటింది. అరవై ఐదు నిండేదాకా ఈడీగానే చేసి, ఒక దండతో ఇంటికి పోయాడని విన్నాను. అప్పటికి నేను బదిలీ మీద వేరే ఊళ్లో ఉన్నాను. విచారణ తర్వాత నేను అక్కడున్న నాలుగేళ్లూ ఆయన నాతో మాట్లాడకపోవడమంటూ లేదు, కానీ సీలు వేయడం ఇంకెప్పుడూ నేర్పలేదు.

ఇక నేను చేసిన ఇంకో పని. రాయడానికి చెయ్యి రావడం లేదు. స్టాంపుల లోకంలో తప్పు పడిన ముద్రకు విలువెక్కువ. విచారణ ముగిశాక ఆ దరఖాస్తు కవరు ఎవరికీ అక్కర్లేక బల్ల మీద పడి ఉంటే, ఆ తండ్రిని అడిగి తెచ్చుకున్నాను. "దాన్నేటి సేస్తారు బాబూ, తగలెట్టండి" అన్నాడాయన. తగలెట్టలేదు. ఆల్బంలో అతికించి, కింద నా చక్కని చేతిరాతతో 'తలకిందులైన ఆరు' అని రాసుకున్నాను. ఇంటికొచ్చిన వాళ్లకు ముందు ఆ పేజీయే చూపించేవాణ్ని.

వీడ్కోలు సభ అయ్యాక, ఇంట్లో ఖాళీగా కూర్చుని ఒక మధ్యాహ్నం ఆల్బం తీశాను. ఆ కథ మళ్లీ విన్నాను కాబట్టి ఆ పేజీ దగ్గర ఆగాను. ఎదుటి పేజీలో నా అన్నీ తొమ్మిదుల కవరు ఉంది, షావుకారు ఆ రోజు నాకు బహుమతిగా ఇచ్చినది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి అద్దంతో చూడడం ఎందుకో అంతకు ముందు ఎప్పుడూ జరగలేదు. నా కవరు మీద తేదీ తొమ్మిది తోక చివర ఒక చిన్న గాటు ఉంది, ముక్క అరిగి విరిగిన చోట సిరా పడని తెల్లచుక్క. దరఖాస్తు కవరు మీది తేదీ తొమ్మిదికీ అదే చోట అదే తెల్లచుక్క.

ఆ ఆఫీసువి వేరే నెలల ఆరో తేదీ సీళ్లు నా దగ్గర మూడున్నాయి. అన్నీ తీశాను. కవర్లను తలకిందులు చేసి కూడా చూశాను. ఏ ఆరులోనూ ఆ గాటు లేదు.

అంటే అది తలకిందులైన ఆరు కాదు. అది తొమ్మిదే. షావుకారు నాకు నేర్పిన చూపే ఇన్నాళ్లకు అది చూపించింది. కానీ నేను ఆరు పెట్టేశాను కదా! ఆయన చూశాడు కదా! నా బొటనవేలికి స్క్రూ గుచ్చుకుంది కదా! మూడు రోజులు అన్నం సహించలేదు. "స్టాంపులకు కూడా దెయ్యాలుంటాయేటి?" అంది మా ఆవిడ. షావుకారు పోయి పదేళ్లయింది. అడగడానికి ప్యాకరు ఒక్కడే మిగిలాడు.

ఆయన నౌపడలో కూతురి దగ్గర ఉంటున్నాడని పాత పోస్టుమాను చెప్పాడు. అల్లుడు ఉప్పు పండించే కొఠార్లలో పని చేస్తాడు. ఆల్బం గుడ్డసంచిలో పెట్టుకుని రైలెక్కాను. స్టేషను నుంచి నడిచి వెళ్తుంటే ఉప్పు కుప్పలు ఎండకు కళ్లలోకి కొడుతున్నాయి. ఇంటి ముందు తాటాకు పందిరి కింద ఒక ముసలాయన దబ్బనంతో ఉప్పు బస్తా మూతి కుడుతున్నాడు. మొహం చూడక ముందే ఆ ముడి చూసి గుర్తుపట్టాను. టపా సంచికి వేసే ముడి.

"ఎవులది?"

"నేనండీ. కౌంటరులో ఉండేవాణ్ని..."

"ఓలమ్మా, బిళ్లల బాబా! రండి రండి. నడుం అలగొంగిపోనాదేటి? నాకన్నా ముసిలోరైపోనారు. ఒలే, బాబుకి కుర్సీ ఎయ్యి!"

"మీరు బాగున్నారా?"

"మీరంటన్నారేటి కొత్తగా? నువ్వనేవోరు గదా" అని నవ్వాడు. ఆల్బం తెరిచి రెండు కవర్లూ చూపించాను. గాటు చూపించాను. అంతా గబగబా చెప్పేశాను, షావుకారి సంగతి, తొమ్మిది కవర్లు, ఆరు తిరిగి పెట్టడం. "మరి ఈ తొమ్మిది ఎక్కడిదండీ? నాకేమీ అర్థం కావడం లేదు."

ఆయన కళ్లజోడు తెప్పించుకుని రెండు కవర్లూ తాపీగా చూశాడు. బస్తాకు ఇంకో రెండు కుట్లు వేశాడు.

"పదోది ఎప్పుడు కొట్టినారు?"

"పదోదేమిటి?"

"ఆ రోజు నాను అరుగు మీద అంబలి తాగతన్నాను. టక్కుటక్కుమని తొమ్మిది పడ్డాయి. మీ సెయ్యే అనుకున్నాను, నా సేతికి సప్పుడు రాదు గదా. ఆనక షావుకారు సైకిలు గంట ఇనపడ్డాది. ఆయన ఎల్పోనాడు. సానా సేపటికి మళ్లీ ఒకటి పడ్డాది. ఒక్కటే."

అప్పుడు వచ్చింది నాకు గుర్తు. కౌంటరు మీద ఆ పదో కవరు. 'ఇది నీకు' అని షావుకారు వెళ్తూ వెళ్తూ వదిలిపోయినది, సీలు లేకుండా. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తూ కూర్చున్నాను. పక్కనే సీలు ఉంది. స్క్రూ మళ్లీ విప్పాను. ఒక్కటంటే ఒక్కటి, నా కోసం. అది ఆరేలోపు ఎవరో మనియార్డరుకు వచ్చారు, తర్వాత ఇంకెవరో. ప్యాకరు చేతులు కడుక్కుని వచ్చి సీలు అందుకున్నాడు. సంచి కట్టే వేళయింది. పొద్దున్న సరిచూసిన సీలును మధ్యాహ్నం ఎవరూ మళ్లీ చూడరు.

"మరి మీకెప్పుడు తెలిసింది?"

"మర్నాడు పొద్దున్నే. సీలిప్పితే తొమ్మిదుంది. ఆరు డబ్బాలో ఉంది."

రోజూ పొద్దున్నే తేదీ మార్చేది ఆయనే. ఆ ముక్కను చేత్తో తీసి చూసేది ఆయనే. ఈ సంగతి ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఆ రోజే చెప్పొచ్చు కదండీ!"

"ఏటి సెప్తాను? ఎవులికి నట్టమైందో అప్పుడు తెల్దు. కుర్రోరు, ముచ్చటపడ్డారు. ఆ ముచ్చట నాను నేర్పిందే గదా."

"ఇన్‌స్పెక్టరు గారొచ్చినప్పుడు?"

"మీరే సెప్తారనుకున్నాను. మీ ఏపు సూసాను."

"నేను నిజంగా మర్చిపోయానండీ. ఆరు పెట్టేశాననే అనుకున్నాను."

ఆయన దబ్బనం పక్కన పెట్టాడు. "అలగా? ఇన్నాళ్లూ మీరు కావాలనే ఊరుకున్నారనుకున్నాను బాబూ" అన్నాడు. మళ్లీ దబ్బనం అందుకుని, "ఏది మేలో నాకు తెల్దు" అన్నాడు. నాకూ తెలియదు. మర్చిపోయినవాడికి అంత దడ ఎందుకు పుట్టింది? షావుకారి కొట్టుకు ఎందుకు పరిగెత్తాను? పదోదాన్ని మర్చిపోయినా, మొదటి తొమ్మిదీ గుర్తున్నాయి కదా, అవైనా ఎందుకు చెప్పలేదు? రైల్లో తిరిగి వస్తూ ఎంత తవ్వుకున్నా నాలో దొంగ ఎక్కడ మొదలయ్యాడో, మతిమరుపువాడు ఎక్కడ ఆగాడో దొరకలేదు.

పైఅధికారులకు రాసి ఆ రిమార్కు దిద్దిస్తానని అక్కడే అన్నాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఆ కాయితాలు ఎప్పుడో సెదపట్టుంటాయి. పింసనీ ఇప్పించగలరా? నేరు. ఒగ్గీండి." మళ్లీ నా కవరు దగ్గరికి తీసుకుని, అన్నీ తొమ్మిదుల సీలును కళ్లజోడు పైకెత్తి, దించి చూశాడు. "బాగా పడ్డాది. మొహమ్మీద పడనేదు" అన్నాడు. అది నిజంగానే నా జీవితంలో నేను వేసిన ఒకే ఒక మంచి సీలు. ఇప్పుడు చూసినా అందంగానే ఉంటుంది. అదే నన్ను తినేస్తోంది.

తర్వాత ఆయన దరఖాస్తు కవరు కింద వేలు పెట్టాడు.

"ఇక్కడేటి రాసినారు? సదవండి."

"వద్దండీ."

"సదవండి బాబూ."

చదివాను. తలకిందులైన ఆరు.

ఆయన తల ఊపాడు. "మా అల్లుడికి తెలిసిన పోస్టుమాను ఒకడు ఈ కత సెప్పి నవ్వినాడు. అది నా కతేనని ఆడికి తెల్దు. ఉద్యోగం రానేదు, పోనీ. పదేడేళ్లు రోజూ పొద్దున్నే పెట్టినాను బాబూ. నాకు ఆరు తెల్దేటి?" గొంతు పెద్దది చేయలేదు. "అది మార్సండి. ఇంకేటీ అక్కర్నేదు. పుస్తకం మూసీండి, ఉప్పుగాలికి కాయితం సెమ్మ లాగేస్తాది."

ఆ కథ విని నవ్విన వాళ్లందరూ, దాన్ని ఇంకెవరికైనా చెప్పిన వాళ్లందరూ, ఇది కూడా చెప్పాలని అడుగుతున్నాను. ఆల్బంలో పాత మాట కొట్టేశాను. చెరిపేయలేదు, కొట్టేశాను, ఏం రాసుకున్నానో కనపడాలని. దాని కింద ఇలా రాశాను:

'ఇది తొమ్మిదే. ఆ రోజు పొద్దున్న ప్యాకరు గారు పెట్టిన ఆరు సరిగానే ఉంది. దాన్ని తీసింది నేను. రెండుసార్లు తీశాను. రెండోసారి తిరిగి పెట్టలేదు.'